అమెరికా విమాన కూడళ్లు: కాలపట్టికల నిర్ణయాలు, నగరాల భవితవ్యం (1978–2014)

వ్యాస సంగ్రహం

1978లో అమెరికా విమానయాన రంగంపై ప్రభుత్వ ఆర్థిక నియంత్రణ తొలగిపోయింది. ఆ తరువాత విమానసంస్థలు కొన్ని నగరాలను కూడళ్లుగా ఎంచుకొని తమ సర్వీసులను అక్కడ కేంద్రీకరించాయి. ఆ నగరాలు అప్పులు చేసి టెర్మినళ్లు, రన్‌వేలు నిర్మించాయి. ఒక తరం గడవకముందే వాటిలో పలు నగరాలు కూడలి స్థానాన్ని కోల్పోయాయి. సెయింట్ లూయిస్, పిట్స్‌బర్గ్, సిన్సినాటి, మెంఫిస్ నగరాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విమాన కూడలికి ఆధారం స్థలం కన్నా కాలపట్టికే అనీ, కాలపట్టికపై అధికారం ఒకరిదై, దానికోసం కట్టిన కట్టడాల భారం మరొకరిదైనప్పుడు నష్టం స్థానిక ప్రజల మీద పడుతుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విమాన కూడలి, కాలపట్టిక, నియంత్రణ తొలగింపు, విమానాశ్రయ బాండ్లు, విలీనం, సెయింట్ లూయిస్, శంషాబాద్.

1. ప్రవేశిక

రవాణా చరిత్రలో 'కూడలి' అన్న మాట వినగానే మనకు స్ఫురించేది స్థలమే. గుంతకల్లు, కాజీపేట, విజయవాడ వంటి రైల్వే జంక్షన్లు అందుకు ఉదాహరణలు. అక్కడ పట్టాలు కలుస్తాయి. ఆ కలయిక చుట్టూ లోకోషెడ్డు, రైల్వే కాలనీ, బజారు, బడి ఏర్పడతాయి. ఒకసారి వేసిన పట్టాలను పెకలించి మరొక ఊరికి తరలించడం తేలిక కాదు. కాబట్టి జంక్షన్‌కు భౌగోళిక స్థిరత్వం ఉంటుంది.

విమాన కూడలి స్వభావం వేరు. ఆకాశంలో పట్టాలు లేవు. ఒక నగరంలో రోజుకు అయిదు వందల విమానాలు కలుసుకుంటున్నాయంటే, అవి అక్కడ కలుసుకోవాలని ఒక సంస్థ కార్యాలయంలో కాలపట్టిక తయారుచేసేవారు నిర్ణయించడమే కారణం. దీనికి దగ్గరి పోలిక జంక్షన్ కన్నా మన వారపు సంతలో కనిపిస్తుంది. అమ్మేవారూ కొనేవారూ ఒకే రోజున ఒకే చోటికి రావడం వల్లనే సంత సంత అవుతుంది. వర్తకులు మరొక ఊరిని ఎంచుకుంటే మైదానం మిగులుతుంది, సంత మిగలదు. ఆ మైదానాన్ని చదును చేయడానికి ఊరివారు అప్పు చేసి ఉంటే ఆ అప్పు కూడా మిగులుతుంది. అమెరికాలో 1978 తరువాత నాలుగు నగరాలకు జరిగినది స్థూలంగా ఇదే. ఆ క్రమాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. నియంత్రణ నుండి స్వేచ్ఛకు

అమెరికాలో 1938 నాటి పౌరవిమానయాన చట్టం దేశీయ విమానయానాన్ని ప్రభుత్వ ఆర్థిక నియంత్రణలోకి తెచ్చింది. ఏ సంస్థ ఏ మార్గంలో నడపాలి, టికెట్టు ధర ఎంత ఉండాలి అన్న విషయాలను పౌరవిమానయాన మండలి నిర్ణయించేది. కొత్త మార్గం కావాలన్నా, నష్టం వచ్చే మార్గాన్ని వదులుకోవాలన్నా మండలి అనుమతి తప్పనిసరి. ఈ విధానంలో సంస్థల మధ్య ధరల పోటీ దాదాపు లేదు. నగరాలకు మాత్రం ఒక భరోసా ఉండేది. సర్వీసు రావడానికి ఎంత ఆలస్యమయ్యేదో, వచ్చినది పోవడానికీ అంతే ఆలస్యమయ్యేది.

1977లో మండలి అధ్యక్షుడైన ఆర్థికశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ కాన్ ఈ నియంత్రణలను లోపలినుండే సడలించాడు. 1978 అక్టోబర్ 24న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ విమానయాన నియంత్రణ తొలగింపు చట్టంపై సంతకం చేశాడు. 1984 ముగిసేసరికి మండలే రద్దయింది. మార్గాలు, ధరలు, వేళలు అన్నీ సంస్థల చేతికి వచ్చాయి. ఏ నగరానికి ఎన్ని విమానాలు నడపాలన్నది అంతకుముందు కొంతవరకు ప్రజావిషయం. 1978 తరువాత అది సంస్థ ఆంతరంగిక వ్యవహారమైంది.

కూడలి పద్ధతి మాత్రం ఈ చట్టంతో పుట్టలేదు. డెల్టా సంస్థ 1955 నాటికే అట్లాంటాలో ఈ పద్ధతిని అనుసరిస్తున్నది. చనిపోయినవారు స్వర్గానికి వెళ్లాలన్నా, నరకానికి వెళ్లాలన్నా అట్లాంటాలో విమానం మారక తప్పదని అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒక హాస్యోక్తి ప్రచారంలో ఉంది. 1978 చట్టం ఈ పద్ధతిని దేశమంతటా విస్తరించడానికి దారి తెరిచింది.

3. కూడలి గణితం, 'బ్యాంక్' పద్ధతి

కూడలి ఆకర్షణకు మూలం ఒక సరళమైన లెక్కలో ఉంది. ఒక కూడలి చుట్టూ 40 నగరాలు ఉన్నాయనుకుందాం. ఆ 40 నగరాలను ఒకదానితో ఒకటి నేరుగా కలపాలంటే 780 మార్గాలు కావాలి. అన్నిటినీ ఒక్క కూడలికి కలిపితే 40 మార్గాలు చాలు. ఆ 40 మార్గాలతోనే 780 నగరాల జతలకూ, కూడలి నుండి ఆ 40 నగరాలకూ, మొత్తం 820 జతలకు టికెట్లు అమ్మవచ్చు. 41వ నగరాన్ని చేర్చితే ఒక్క కొత్త మార్గంతో మరో 41 జతలు లభిస్తాయి. అంటే కూడలి పెద్దదయ్యేకొద్దీ దానికి చేర్చే ప్రతి కొత్త సర్వీసు విలువ పెరుగుతుంది. చిన్న కూడలికి ఈ సౌలభ్యం తక్కువ. పెద్దది మరింత పెద్దదయ్యే ధోరణి ఈ లెక్కలోనే ఇమిడి ఉంది.

ఈ లెక్క కాగితంపై నుండి నేలమీదికి రావాలంటే విమానాలు ఇంచుమించు ఒకే సమయంలో రావాలి, ఒకే సమయంలో పోవాలి. పదుల కొద్దీ విమానాలు గంటలోపు వరుసగా దిగుతాయి. ప్రయాణికులు, సామాను మారడానికి కొంత వ్యవధి ఇస్తారు. తరువాత అవన్నీ వరుసగా లేస్తాయి. ఇలా వచ్చిపోయే ఒక్కొక్క సమూహాన్ని విమానయాన పరిభాషలో 'బ్యాంక్' అంటారు. రోజుకు ఇలాంటివి ఎనిమిదో పదో ఉంటాయి.

బ్యాంక్ పద్ధతి ఫలితం విమానాశ్రయంపై నేరుగా పడుతుంది. రోజు మొత్తంలో సగటున ఎంత రద్దీ ఉన్నదన్న దానికన్నా, బ్యాంక్ సమయంలో ఎంత రద్దీ ఉన్నదన్నదే ముఖ్యమవుతుంది. ఆ గంటకు సరిపడే గేట్లు, రన్‌వేలు, సామాను యంత్రాలు కావాలి. మిగిలిన గంటల్లో అవి ఖాళీగా ఉంటాయి. శిఖరవేళను సృష్టించేది విమానసంస్థ, దానికి తగినట్లు నిర్మించవలసినది విమానాశ్రయం. విమానాశ్రయాల్లో ఎక్కువ భాగం నగర, కౌంటీ ప్రభుత్వాలవో, ప్రభుత్వ అథారిటీలవో కాబట్టి ఆ భారం చివరకు ప్రజాసంస్థలదే.

నిర్మాణానికి డబ్బు సాధారణంగా బాండ్ల ద్వారా వచ్చేది. చాలా విమానాశ్రయాల్లో ప్రధాన సంస్థలు దీర్ఘకాలిక లీజులపై సంతకం చేసి, ఆదాయంలో లోటు వస్తే తాము పూడుస్తామని అంగీకరించేవి. ప్రతిగా పెద్ద నిర్మాణాలపై అభ్యంతరం చెప్పే హక్కును పొందేవి. సంస్థ బలంగా ఉన్నంతకాలం ఈ ఏర్పాటు ఇరుపక్షాలకూ సౌకర్యంగానే ఉండేది. సంస్థ దివాలా తీస్తే లీజు నిలిచే మాట లేదు. అమెరికా దివాలా చట్టంలోని 11వ అధ్యాయం కింద లీజులను తిరస్కరించే వీలుంది. బాండ్ల అప్పుకు ఆ వీలు లేదు.

4. సెయింట్ లూయిస్: రన్‌వే వచ్చేసరికి విమానాలు లేవు

సెయింట్ లూయిస్ కథ మిస్సోరి రాష్ట్రంలోనే ఉన్న కాన్సాస్ సిటీతో మొదలవుతుంది. 1972లో ప్రారంభమైన కాన్సాస్ సిటీ కొత్త విమానాశ్రయంలో ప్రయాణికుడు కారు దిగి కొద్ది అడుగుల్లో విమానం చేరేలా వలయాకార టెర్మినళ్లు కట్టారు. 1973 నుండి ప్రతి ప్రయాణికుడినీ తనిఖీ చేయాలన్న నియమం రావడంతో ఆ సన్నని వలయాలు ఇరుకైపోయాయి. విమానం మారే ప్రయాణికులకు అవి మరింత అసౌకర్యంగా ఉండేవి. టెర్మినళ్లను మార్చి కట్టాలన్న టీడబ్ల్యూఏ సంస్థ కోరికను నగరం అంగీకరించలేదు. 1982లో టీడబ్ల్యూఏ తన దేశీయ కూడలిగా సెయింట్ లూయిస్‌ను ఎంచుకుంది. కాన్సాస్ సిటీకి జరిగినది సెయింట్ లూయిస్‌కు హెచ్చరిక కావలసింది. ఆనాడు అది విజయంగానే కనిపించింది.

సెయింట్ లూయిస్‌లో అప్పటికే ఓజార్క్ అనే ప్రాంతీయ సంస్థ బలంగా ఉంది. 1986లో టీడబ్ల్యూఏ ఓజార్క్‌ను కొనివేసింది. ఒకే విమానాశ్రయంలో పోటీపడుతున్న రెండు సంస్థలు ఒకటవుతున్నాయని న్యాయశాఖ అభ్యంతరం చెప్పినా, రవాణాశాఖ అనుమతి ఇచ్చింది. దీంతో లాంబర్ట్ విమానాశ్రయంలో నాలుగింట మూడు వంతులకు పైగా రాకపోకలు ఒకే సంస్థ చేతిలోకి వచ్చాయి.

లాంబర్ట్‌లోని రెండు ప్రధాన సమాంతర రన్‌వేల మధ్య దూరం 1,300 అడుగులు. ఆకాశం నిర్మలంగా ఉంటే రెండింటిపైనా విమానాలు దిగేవి. మబ్బులు కమ్మినప్పుడు ఇంత దగ్గరి రన్‌వేలపై ఏకకాలంలో దించడం సాధ్యం కాదు కాబట్టి, దిగే సామర్థ్యం దాదాపు సగానికి పడిపోయేది. విమానాలు రోజంతా సమంగా వస్తే ఈ ఇబ్బంది ఇంత తీవ్రంగా ఉండేది కాదు. బ్యాంకులుగా వస్తున్నందువల్ల ఒక బ్యాంక్ ఆలస్యం తరువాతి బ్యాంకులన్నిటికీ పాకేది. అందువల్ల దూరంగా మరొక రన్‌వే కావాలన్న వాదన బలపడింది. 1998లో కేంద్ర విమానయాన పాలనాసంస్థ ఆ ప్రణాళికను ఆమోదించింది.

కొత్త రన్‌వేకు స్థలం బ్రిడ్జ్‌టన్ అనే పక్క పట్టణంలో ఉంది. విమానాశ్రయం సెయింట్ లూయిస్ నగరానిది. బ్రిడ్జ్‌టన్ ఆ నగరంలో భాగం కాదు, సెయింట్ లూయిస్ కౌంటీలోని వేరే మునిసిపాలిటీ. నిర్ణయం ఒక పాలనాసంస్థది, ఖాళీ చేయవలసిన ఇళ్లు మరొక పాలనాసంస్థ పరిధిలోనివి. బ్రిడ్జ్‌టన్ న్యాయస్థానాలను ఆశ్రయించి ఓడిపోయింది. ఇళ్లు, దుకాణాలు, చర్చిలు, బడులు కలిపి సుమారు 2,000 కట్టడాలను కొని కూల్చివేశారు. కారల్టన్ అనే నివాసప్రాంతం పటంలోనుండే తొలగిపోయింది.

ఆ తొలగింపు సాగుతుండగానే విమానసంస్థ కూలిపోయింది. టీడబ్ల్యూఏ 1992లో ఒకసారి, 1995లో మరోసారి దివాలా రక్షణను కోరింది. 2001 జనవరిలో మూడోసారి కోరినప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ దాని ఆస్తులను కొన్నది. అమెరికన్ చేతిలో అప్పటికే షికాగో, డాలస్ కూడళ్లు ఉన్నాయి. సెయింట్ లూయిస్ ఆ రెండింటి మధ్యన ఉంది. షికాగోలో రద్దీ పెరిగితే ఆదుకునే మూడో కూడలిగా అది ఉపయోగపడుతుందని తొలుత భావించారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తరువాత ప్రయాణాలు తగ్గడంతో ఆ అవసరం లేకుండా పోయింది. 2003 నవంబర్‌లో అమెరికన్ అక్కడి సర్వీసులను సుమారు సగానికి తగ్గించింది. 2000లో 3 కోట్లు దాటిన లాంబర్ట్ వార్షిక ప్రయాణికుల సంఖ్య 2004 నాటికి అందులో సగానికన్నా తక్కువైంది.

9,000 అడుగుల కొత్త రన్‌వే 2006 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. రన్‌వే ప్రణాళికకు అయిన ఖర్చు 100 కోట్ల డాలర్లకు పైమాటే. బ్యాంకుల రద్దీని తట్టుకోవడానికి సంకల్పించిన ఆ రన్‌వే సిద్ధమయ్యేసరికి అంతటి రద్దీ లేదు. 2009 సెప్టెంబర్‌లో అమెరికన్ తన శక్తిని డాలస్, షికాగో, మయామీ, న్యూయార్క్, లాస్ ఏంజలెస్ నగరాలపై కేంద్రీకరిస్తామని ప్రకటించి, సెయింట్ లూయిస్‌కు రోజుకు 36 సర్వీసులు మాత్రమే మిగిల్చింది.

ఇక్కడ ఒక విషయాన్ని నిష్పక్షపాతంగా గుర్తించాలి. 1998లో రన్‌వేకు అనుమతి ఇచ్చినవారు చూసిన రద్దీ నిజమైనదే. వారి లెక్కలో లోపం అంకెలలో లేదు. ఆ అంకెలన్నీ ఒక్క సంస్థ కాలపట్టిక మీద ఆధారపడి ఉన్నాయన్న విషయానికి తగిన తూకం ఇవ్వకపోవడంలో ఉంది.

5. పిట్స్‌బర్గ్, సిన్సినాటి: ఒకే కథకు రెండు పాఠాంతరాలు

పిట్స్‌బర్గ్‌లో యూఎస్ ఎయిర్ సంస్థకు అనుగుణంగా సుమారు 100 కోట్ల డాలర్లతో నిర్మించిన కొత్త టెర్మినల్ 1992 అక్టోబర్‌లో తెరుచుకుంది. ఎక్స్ ఆకారంలో గేట్లు అమర్చిన ఆ నిర్మాణం విమానం మారేవారికి ఎంతో అనుకూలం. ఉక్కు పరిశ్రమ క్షీణించి జనాభా తగ్గుతున్న ప్రాంతానికి ఆ టెర్మినల్ పునరుజ్జీవన చిహ్నంగా కనిపించింది. 1990ల చివరి నాటికి ఏటా సుమారు 2 కోట్ల మంది దానిని వాడారు. వారిలో అధికభాగం పిట్స్‌బర్గ్‌లో విమానం మారి వెళ్లేవారే.

యూఎస్ ఎయిర్‌వేస్‌గా పేరు మార్చుకున్న ఆ సంస్థ 2002లోనూ, 2004లోనూ దివాలా రక్షణ కోరింది. అదే పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఫిలడెల్ఫియా కూడా దాని కూడలే. ఫిలడెల్ఫియా పెద్ద నగరం, అక్కడ స్థానిక ప్రయాణికులు ఎక్కువ. పైగా 2004 మేలో చవక ధరల సంస్థ సౌత్‌వెస్ట్ ఫిలడెల్ఫియాలో అడుగుపెట్టింది. ఉన్న విమానాలతో ఏదో ఒక కూడలినే కాపాడుకోగల స్థితిలో సంస్థ ఫిలడెల్ఫియాను ఎంచుకుంది. పిట్స్‌బర్గ్ లీజులను దివాలా ప్రక్రియలో తిరస్కరించి, 2004 చివరినుండి దానిని కూడలిగా నడపడం మానేసింది. తగ్గిన విమానాలపై పాత అప్పు పంచవలసి రావడంతో, ఒక్కొక్క విమానంపై పడే వ్యయం పెరిగింది. ఆ పెరుగుదలే కొత్త సంస్థలను ఆకర్షించడానికి అడ్డంకి అయింది.

సిన్సినాటి కథ మరింత ఆశ్చర్యకరం. ఒహాయో నగరమైన సిన్సినాటి విమానాశ్రయం నదికి ఆవలి ఒడ్డున కెంటకీ రాష్ట్రంలో ఉంది. 1980ల నుండి డెల్టా అక్కడ కూడలి నిర్మించింది. దాని అనుబంధ సంస్థ కోమెయిర్ 50 సీట్ల చిన్న జెట్లతో చిన్నచిన్న పట్టణాలను కలిపింది. 2005 జనవరి 31న డెల్టా డాలస్‌లోని తన కూడలిని మూసి, ఆ విమానాలను అట్లాంటా, సాల్ట్ లేక్ సిటీ, సిన్సినాటి కూడళ్లకు తరలించింది. అంటే డాలస్ నష్టం సిన్సినాటికి లాభమైంది. ఆ ఏడాది సిన్సినాటి ప్రయాణికుల సంఖ్య 2.2 కోట్లు దాటింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో డెల్టా దివాలా రక్షణ కోరింది. డిసెంబర్ నాటికి సిన్సినాటి సర్వీసులకు కోత మొదలైంది. ఒకే క్యాలెండర్ సంవత్సరంలో ఒకే విమానాశ్రయం శిఖరాన్ని చూసింది, పతనాన్ని చూసింది. ఈ రెండింటిలోనూ ఆ నగరం చేసినదంటూ ఏమీ లేదు.

2008లో చమురు ధర పీపాకు 140 డాలర్లు దాటడంతో 50 సీట్ల జెట్లు గిట్టుబాటు కాలేదు. అదే సంవత్సరం డెల్టా నార్త్‌వెస్ట్ సంస్థను కలుపుకుంది. నార్త్‌వెస్ట్ ద్వారా డెట్రాయిట్ కూడలి చేతికి రాగానే, సమీపంలోని సిన్సినాటి అదనమైపోయింది. 2012లో కోమెయిర్ మూతపడింది. 2013లో సిన్సినాటి ప్రయాణికులు 60 లక్షల లోపే.

విమానాశ్రయాల మధ్య పోటీకి సిన్సినాటి మరో కోణాన్ని చూపుతుంది. డెల్టా ఆధిపత్యం ఉన్న కాలంలో అక్కడి నుండి నేరుగా ఎన్నో నగరాలకు విమానాలు ఉండేవి. టికెట్ల ధరలు మాత్రం దేశంలోనే అత్యధిక స్థాయిలో ఉండేవి. స్థానికులు కారులో డేటన్, లూయీవిల్, కొలంబస్, ఇండియానాపొలిస్ విమానాశ్రయాలకు వెళ్లి చవక టికెట్లు కొనుక్కునేవారు. కూడలి ఉన్న ఊరివారే తమ ఊరి విమానం ఎక్కలేని పరిస్థితి అది. కూడలి పోయాక చవక ధరల సంస్థలు వచ్చాయి. నేరు సర్వీసులు తగ్గినా, ధరలు దిగివచ్చాయి. కాబట్టి కూడలిని కోల్పోవడం నగరానికి పూర్తిగా నష్టమేనన్న నిర్ధారణ కూడా సరికాదు. ఎవరికి నష్టం, ఎవరికి లాభం అన్న ప్రశ్నను విడివిడిగా వేయాలి.

6. శిఖరాలను చదును చేయడం

విలీనాలు, దివాలాలతో పాటు కాలపట్టిక రూపంలోనే వచ్చిన ఒక మార్పు చిన్న కూడళ్ల స్థితిని బలహీనపరచింది. బ్యాంక్ పద్ధతిలో విమానాలు, సిబ్బంది, గేట్లు శిఖరవేళల మధ్య ఊరికే వేచి ఉంటాయి. విమానం గాలిలో ఉంటేనే సంపాదిస్తుంది. 2001 తరువాతి నష్టాల్లో ఈ నిరీక్షణ భారమైంది. అమెరికన్ సంస్థ 2002 ఏప్రిల్‌లో షికాగోలోనూ, నవంబర్‌లో డాలస్‌లోనూ బ్యాంకులను కరిగించి, రాకపోకలను రోజంతా దాదాపు సమంగా పరిచింది. 2005 జనవరి 31న డెల్టా అట్లాంటాలో ఇదే చేసింది. అది డాలస్ కూడలిని మూసిన రోజే కావడం గమనార్హం.

ఈ చదును చేసే పని అన్నిచోట్లా సాధ్యం కాదు. అట్లాంటాలో ఒక నగరానికి రోజుకు పది విమానాలుంటే, ప్రయాణికుడు ఏ వేళకు దిగినా కొంతసేపట్లో తరువాతి విమానం దొరుకుతుంది. రోజుకు మూడు విమానాలున్న చిన్న కూడలిలో బ్యాంకును కరిగిస్తే ప్రయాణికుడు గంటల తరబడి నిరీక్షించాలి. అంటే పొదుపు పద్ధతి పెద్ద కూడళ్లకే అందుబాటులో ఉంది. చిన్న కూడలి ఖరీదైన బ్యాంకులతోనే బతకాలి. సంస్థ ఖర్చులు లెక్కించిన ప్రతిసారీ చిన్న కూడలి వెనుకబడుతుంది.

ఈ మార్పు కూడా శాశ్వతం కాలేదు. 2013 డిసెంబర్‌లో అమెరికన్, యూఎస్ ఎయిర్‌వేస్ విలీనమైన తరువాత కొత్త యాజమాన్యం 2014లో మయామీతో మొదలుపెట్టి బ్యాంకులను తిరిగి ప్రవేశపెట్టింది. పన్నెండేళ్ల వ్యవధిలో ఒకే సంస్థ ఒక దిశలో వెళ్లి వెనక్కి తిరిగింది. కాలపట్టికను వెనక్కి తిప్పడానికి కొన్ని నెలలు చాలు. 30 సంవత్సరాల బాండును వెనక్కి తిప్పడం కుదరదు.

7. మెంఫిస్: రెండు కాలపట్టికలు

ఒకే రన్‌వేలపై పగలు ఒక కూడలి, రాత్రి మరొక కూడలి నడిచిన నగరం మెంఫిస్. 1973 ఏప్రిల్‌లో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ అక్కడినుండి 14 చిన్న విమానాలతో 25 నగరాలకు సరకు సర్వీసులు ప్రారంభించింది. రాత్రి విమానాలన్నీ మెంఫిస్‌కు వచ్చి, పార్సిళ్లను వేరుచేసి మార్చుకొని, తెల్లవారేలోపు వెళ్లిపోతాయి. బ్యాంక్ పద్ధతికి ఇది పరిపూర్ణ రూపం. పార్సిల్‌కు నిద్ర చెడదు, అది చుట్టుదారిలో వెళ్లినా ఫిర్యాదు చేయదు.

మెంఫిస్ ప్రయాణికుల కూడలిని 1986లో రిపబ్లిక్ సంస్థను కలుపుకోవడం ద్వారా నార్త్‌వెస్ట్ పొందింది. 2008లో అది డెల్టా చేతికి వచ్చింది. సమీపంలోనే అట్లాంటా ఉండగా మెంఫిస్ అవసరం డెల్టాకు కనిపించలేదు. 2013 సెప్టెంబర్‌లో కూడలిని మూసివేసింది. రాత్రి కూడలి మాత్రం నిలిచింది. ఫెడెక్స్ ప్రధాన కార్యాలయం, సార్టింగ్ యంత్రాంగం, వేలాది ఉద్యోగులు మెంఫిస్‌లోనే ఉన్నారు. ఆ సంస్థ మెంఫిస్‌లో తన సొంత పెట్టుబడిని నేలలో పాతింది. ప్రయాణికుల సంస్థ అలా పాతలేదు. రెండు కూడళ్ల గతి వేరుకావడానికి ఇది ఒక ముఖ్య కారణమని చెప్పవచ్చు.

8. పోటీ ఎవరి మధ్య?

పై నాలుగు ఉదాహరణల్లోనూ ఒక సామాన్య లక్షణం ఉంది. సెయింట్ లూయిస్ ఓడినది షికాగో, డాలస్ నగరాల చేతిలో. పిట్స్‌బర్గ్ ఓడినది ఫిలడెల్ఫియా చేతిలో. సిన్సినాటి, మెంఫిస్ ఓడినవి డెట్రాయిట్, అట్లాంటాల చేతిలో. గెలిచిన కూడలి ప్రతిసారీ అదే సంస్థకు చెందిన సోదర కూడలి. బయటికి ఇది నగరాల మధ్య పోటీగా కనిపిస్తుంది. తీర్పు మాత్రం ఒక సంస్థ లోపలే జరుగుతుంది. ఆ తీర్పులో నగరాలకు వాదించే అవకాశం ఉండదు. మెరుగైన టెర్మినల్ ఉన్న నగరం గెలుస్తుందన్న నమ్మకాన్ని పిట్స్‌బర్గ్, విశాలమైన రన్‌వే ఉన్న నగరం గెలుస్తుందన్న నమ్మకాన్ని సెయింట్ లూయిస్ వమ్ము చేశాయి. మిగిలిన కూడళ్లకు ఉన్న సామాన్య బలం స్థానిక ప్రయాణికుల సంఖ్య, కూడలి పరిమాణం.

9. తెలుగు ప్రాంతాలకు సంబంధించిన పరిశీలన

ఈ చరిత్ర మనకు పూర్తిగా పరాయిది కాదు. జెట్ ఎయిర్‌వేస్ 2007 నుండి బ్రస్సెల్స్‌ను తన ఉత్తర అమెరికా సర్వీసులకు కూడలిగా వాడుకొని, 2016 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్‌కు మారింది. ఒక భారతీయ సంస్థ కాలపట్టిక నిర్ణయం ఒక ఐరోపా విమానాశ్రయాన్ని వెలితి పరచిన సందర్భమిది. 2019 ఏప్రిల్‌లో ఆ సంస్థే ఆగిపోయింది.

హైదరాబాద్‌లో 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమై, బేగంపేటలో సాధారణ ప్రయాణికుల సర్వీసులు నిలిచిపోయాయి. ఈ విమానాశ్రయ ఒప్పందంలో 150 కిలోమీటర్ల పరిధిలో 25 సంవత్సరాలపాటు మరొక కొత్త విమానాశ్రయం రాకుండా రక్షణ ఉంది. వరంగల్ సమీపంలోని మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణ చర్చలో ఈ షరతు ప్రస్తావనకు వచ్చింది. ఆ షరతు పొరుగు విమానాశ్రయం నుండి రక్షణ ఇస్తుంది. విమానసంస్థ కాలపట్టిక నుండి రక్షణ ఇవ్వదు. శంషాబాద్‌కు అటువంటి రక్షణ వేరేచోట ఉంది. అక్కడి ప్రయాణికుల్లో అధికులు హైదరాబాద్‌కు వచ్చేవారు, హైదరాబాద్ నుండి వెళ్లేవారు. కింగ్‌ఫిషర్ 2012లో ఆగినా, జెట్ 2019లో ఆగినా వారి అవసరం ఆగలేదు. ఖాళీ అయిన వేళలను ఇతర సంస్థలు నింపాయి. సెయింట్ లూయిస్‌లో విమానం మారే ప్రయాణికుడికి ఆ ఊరితో పని లేదు. సంస్థ వెళ్లగానే అతడూ వెళ్లాడు.

మరోవైపు హైదరాబాద్ నుండి అమెరికాకు వెళ్లే తెలుగు ప్రయాణికుల్లో పలువురు దుబాయ్, దోహా, అబుదాబి నగరాల్లో విమానం మారతారు. ఆ కూడళ్లలో మారేవారి పాత్ర మనం పోషిస్తున్నాం. కొత్త విమానాశ్రయాలను 'అంతర్జాతీయ కూడలి'గా తీర్చిదిద్దుతామన్న ప్రకటనలు తెలుగు రాష్ట్రాల్లో తరచు వినిపిస్తాయి. అటువంటి ప్రతి ప్రతిపాదనకూ వేయవలసిన మొదటి ప్రశ్న టెర్మినల్ విస్తీర్ణం గురించినది కాదు. ఆ కాలపట్టిక ఎవరిది, అది మారితే అప్పు ఎవరిది అన్నదే మొదటి ప్రశ్న.

10. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి:

• 1978 చట్టం కాలపట్టికపై అధికారాన్ని ప్రభుత్వం నుండి సంస్థలకు బదిలీ చేసింది. కట్టడాల బాధ్యత మాత్రం ప్రజాసంస్థల వద్దే ఉండిపోయింది.

• బ్యాంక్ పద్ధతి కృత్రిమ శిఖరవేళలను సృష్టించి, నగరాలను వాటికి తగినట్లు నిర్మించేలా ప్రేరేపించింది.

• కూడళ్ల మధ్య అసలు పోటీ ఒకే సంస్థ లోపలి సోదర కూడళ్ల మధ్య జరిగింది. విలీనం జరిగిన ప్రతిసారీ ఆ పోటీలో కొత్త ఓటమి పుట్టింది.

• స్థానిక ప్రయాణికుల బలం ఉన్న విమానాశ్రయం సంస్థ వెళ్లినా నిలుస్తుంది. విమానం మారేవారిపై ఆధారపడినది సంస్థతోపాటే కుంగుతుంది.

• కూడలిని కోల్పోవడం వల్ల నష్టం అందరికీ సమానం కాదు. సిన్సినాటి ప్రయాణికులకు చవక టికెట్లు దక్కాయి. బ్రిడ్జ్‌టన్ నివాసులకు ఇళ్లు తిరిగి రాలేదు.

పిట్స్‌బర్గ్ 2025లో కొత్త టెర్మినల్ తెరిచింది. పాతదానిలో 75 గేట్లుండగా, కొత్తదానిలో వాటి సంఖ్యను తగ్గించారు. విమానం మారేవారికన్నా ఆ ఊరినుండి ప్రయాణించేవారిని దృష్టిలో పెట్టుకొని దానిని రూపొందించారు. 1992లో ఒక సంస్థ కాలపట్టికను కొలిచి కట్టిన నగరం, 33 సంవత్సరాల తరువాత తన జనాన్ని కొలిచి కట్టుకుంది.